నటుడి ముఖానికి అతికేలా తోలు మాస్క్: చేసినవాళ్ళు కాస్త చెప్పండి

గుంటూరు_నాటకం:
కొమ్మేదియా దెల్లార్తె (మాస్క్‌లు పెట్టుకుని ఆడే పాత ఇటలీ హాస్య నాటకం) పద్ధతిలో ఒక నాటకం వేస్తున్నాం. నోరు వదిలేసి పైభాగం మాత్రమే కప్పే మాస్క్‌లు మూడు కావాలి. మొదటిది నేనే చేశాను. నటుణ్ణి పడుకోబెట్టి ప్లాస్టర్ బ్యాండేజీతో అచ్చు తీశాను. పడుకున్నప్పుడు చక్కగా అతికింది. రిహార్సల్లో పది నిమిషాలకే చెంప ఎముక దగ్గర ఒరుసుకుని కమిలిపోయింది, పైగా మాస్క్ ముక్కు ఆకారం కూడా చదునైపోతోంది. తప్పెక్కడ జరిగింది?

తోలుపని:
తమ్ముడూ, పడుకోబెట్టడమే తప్పు. పడుకుంటే బుగ్గలు చెవుల వైపు జారతాయి. కూర్చోబెట్టి తియ్యి. కనుబొమలకీ మీసానికీ వాజలీన్ దట్టంగా పట్టించు, ముక్కు రంధ్రాలు వదిలెయ్.
ఇంకోటి, అచ్చులో ఉన్నది కదలని ముఖం. స్టేజీ మీద మనిషి నవ్వుతాడు, కనుబొమలు ఎగరేస్తాడు. అందుకే ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తీసిన ముఖం మీద కనుబొమల దగ్గరా చెంప ఎముకల దగ్గరా పల్చగా బంకమట్టి అద్ది, దాని మీద తోలు పరుస్తాను. ఆ కాస్త ఖాళీ లేకపోతే నటుడు ముఖం బిగబట్టుకునే ఆడతాడు. చూడలేం.
తోలు ఎక్కడిది?

గుంటూరు_నాటకం:
బ్యాగులు కుట్టే షాపులో కొన్నాను అన్నా. మెత్తగా ఉంది.

తోలుపని:
క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతో పదును చేసింది అయ్యుంటుంది. తడిపి ఎంత నొక్కినా ఆరాక ఆకారం నిలవదు. చెట్ల బెరడుతో పదును చేసింది కావాలి, ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం. చెన్నైలో తోళ్ళు అమ్మే పెరియమేట్‌లో అడుగు. తమిళనాడులో తంగేడు బెరడు, కరక్కాయ వాడి పదును చేసే పద్ధతి ఉంది. నీళ్ళలో వేసి బుడగలు ఆగేదాకా నాననివ్వు. ఎండలో మాత్రం పెట్టకు, పెళుసెక్కుతుంది.

ధర్మవరం_అమ్మాయి:
నేను మా దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలకి వాడే తోలుతో చేసి చూశాను. అది గీకి ఆరబెట్టిన మేకతోలు, వెలుగు దూరాలి కాబట్టి పల్చగా ఉంటుంది. మాస్క్ మొదట గట్టిగా, అందంగా వచ్చింది. రెండో అంకానికి చెమటకి తడిసి అప్పడంలా ముడుచుకుపోయింది. అంత మంచి తోలు పాడుచేశానని చాలా బాధపడ్డాను.

పదువాలో_తెలుగు:
ఇటలీలో నేనుండే పదువాకి దగ్గర్లో, అబానో తెర్మె అనే ఊళ్ళో, తోలు మాస్క్‌లు చేసే సార్తోరీ కుటుంబం మ్యూజియం ఉంది. 1947లో మిలాన్ పిక్కోలో థియేటర్‌లో ఆర్లెక్కీనో అనే హాస్య నౌకరు పాత్ర వేసిన నటుడు మార్చెల్లో మొరెత్తి, మొదట్లో మాస్క్ భరించలేక ముఖానికి రంగే పూసుకున్నాడు. తర్వాత ఆ కుటుంబంలోని శిల్పి అమ్లేతో సార్తోరీ తోలుతో మాస్క్ చేసిచ్చాడు. వాళ్ళది ప్లాస్టర్ కాదు, చెక్కలో చెక్కిన అచ్చు. తడి తోలుని దాని మీద సుత్తితో మెల్లగా కొట్టి కొట్టి కూర్చోబెడతారు.

గుంటూరు_నాటకం:
కూర్చోబెట్టి మళ్ళీ తీశాను అన్నా, కొత్త తోలుతో. గంటసేపు ఆడాడు, ఎక్కడా ఒరుసుకోలేదు. విప్పి చూస్తే లోపల నుదుటి దగ్గర మాత్రం చెమట మరక, చెంపల దగ్గర పొడిగా ఉంది. కళ్ళ రంధ్రాలు ఎంత కొయ్యాలి?

తోలుపని:
నుదుటి మీద ఆనితే మంచిదే, అక్కడ స్పాంజి ముక్క అంటించు. కళ్ళకి ముందు చిన్నగా కొయ్యి. అతనికి పెట్టి మెట్లు దిగమను. కాళ్ళ కోసం తల వంచాల్సొస్తే కింది అంచు ఇంకాస్త తియ్యి.