‘షి’ అంటే తరచుగానా, అదనులోనా?

ప్రశ్న వేసినవారు:
చైనా లిపిలో కాలాన్ని తెలిపే ‘షి’ అక్షరాన్ని నెల రోజులుగా గళ్ల కాగితం మీద దిద్దుతున్నాను. ఎడమ పక్క నాలుగు గీతల్లో సూర్యుడు, కుడి పక్క అడ్డగీత, కొక్కెమున్న నిలువుగీత, లోపల ఒక చుక్క, మొత్తం ఏడు. దిద్దుతున్నప్పుడల్లా కన్‌ఫ్యూషియస్ ‘సంభాషణలు’ మొదటి వాక్యం, ‘శ్యుఏ ఆర్ షి శీ జి’, మనసులో మెదులుతోంది. ‘నేర్చినదానిని అభ్యసించడం ఆనందం కాదా’ అన్నంతవరకు గుర్తుంది కాని, ‘షి’ ఉన్నచోట ‘తరచుగా’ అని విన్నానో ‘వేళకు’ అని విన్నానో జ్ఞాపకం రావడం లేదు. ఏది సరైనది?

పద్యాభిమాని:
‘తరచుగా’ అనే వినివుంటారు. 12వ శతాబ్దికి చెందిన పండితుడు జూ షీ ఆ ‘షి’ని రెండుసార్లు పలికి ‘షిషి’ అని, అంటే మళ్లీమళ్లీ అని వ్యాఖ్యానించాడు. 1313లో ఆయన వ్యాఖ్యానాన్ని ప్రభుత్వ పరీక్షలకు ప్రమాణంగా నిర్ణయించారు కనుక తరతరాల విద్యార్థులు ఆ అర్థంతోనే వల్లించారు.

లిపి అభ్యాసి:
పరీక్షలో నెగ్గిన అర్థమే మూలార్థం కానక్కరలేదు. జూ షీకి దాదాపు 900 ఏళ్ల ముందే వాంగ్ సూ అనే వ్యాఖ్యాత దీనిని ‘తగిన సమయంలో’ అని వివరించాడు. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో, నాలుగు ఖండికల తరువాత, ప్రజల చేత పని చేయించుకునేటప్పుడు ‘షి’ చూసుకోవాలని పాలకునికి చెప్పిన మాట ఉంది. సేద్యపు పనులకు అడ్డు రాకూడదని దాని భావం. అక్కడ ‘తరచుగా’ అని పెడితే అర్థం తలకిందులవుతుంది. మన రైతు నోట ‘అదను’ అనే మాట ఉండగా ‘సమయం’ వరకు కూడా పోనక్కరలేదు. నేర్చినదానిని అదనెరిగి అభ్యసించడమే ఆ వాక్యం.

పద్యాభిమాని:
అదను మంచి మాటే, ఒప్పుకుంటాను. అయితే దాని పక్కనే ఉన్న, ‘అభ్యసించు’ అనే అర్థమిచ్చే ‘శీ’ని కూడా చూడండి. సంప్రదాయ రూపంలో దాని పైభాగాన రెక్కలుంటాయి. క్రీ.శ. 100 ప్రాంతపు షూ షెన్ నిఘంటువు దానికి పలుమార్లు ఎగరడమని అర్థం చెప్పింది. సరళ లిపిలో ఒక్క రెక్కే మిగిలింది కాని, పిట్టపిల్ల రెక్కలాడించడంలోని ఆ పునరావృత్తి పోలేదు.

లిపి అభ్యాసి:
పునరావృత్తి ‘శీ’లోనే ఉంటే, దానినే ‘షి’ మళ్లీ చెప్పవలసిన పనేముంది?

కొత్త సభ్యులు:
సూర్యుడు ఒక పక్క, గుడి ఒక పక్క ఉంటాయని, గుడిగంటతో పొద్దు తెలుస్తుంది కాబట్టి అది కాలమని నాకు నేర్పారు. ఈ చర్చకు అది పనికివస్తుందా?

లిపి అభ్యాసి:
గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తుంది, వ్యుత్పత్తికి కాదు. పది గీతల సంప్రదాయ రూపంలో కుడి పక్కనున్న ‘స’కు బౌద్ధాలయమనే అర్థం బౌద్ధం చైనా చేరిన తరువాత వచ్చింది, అంతకుముందు అది కొలువు, కచేరీ. ఈ అక్షరంలో దాని పని ఉచ్చారణను సూచించడమే. ఇంకా వెనక్కు వెళితే, సూర్యుని మీద నడిచే పాదం గుర్తు కనిపిస్తుంది. ఆ పాదం పలుకే ‘జి’. ప్రాచీన చైనా ప్రాసల్లో ‘జి’, ‘స’, ‘షి’ మూడూ ఒకే వర్గానికి చెందుతాయి. పాదం తరువాతి కాలంలో ‘మన్ను’ అనే అక్షరం రూపంలోకి మారిపోయింది. జిలుగురాత నుంచి వచ్చి 1956 లిపి సరళీకరణ పథకంలో అధికారిక రూపమైన ఏడు గీతల అక్షరంలో ఆ భాగమే రాలిపోయి, కింద చేయిని సూచించే మూడు గీతలు నిలిచాయి. పలుకును చెప్పే భాగం పోయి, పలుకుతో సంబంధం లేని భాగం మిగలడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

సంస్కృతం పంతులుగారు:
మీ ఇద్దరి అర్థాలకూ చెందని ‘షి’ ఒకటి ఉంది. బౌద్ధ భిక్షువు కుమారజీవుడు 402లో చైనా భాషలోకి చేసిన వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రం అనువాదంలో ‘ఏవం మయా శ్రుతమ్’ (ఇలా నేను విన్నాను) తరువాత వచ్చే ‘ఏకస్మిన్ సమయే’కు ‘యి షి’ అని వేశాడు. అది తరచుదనమూ కాదు, అదనూ కాదు; ‘ఒకానొకప్పుడు’ మాత్రమే. ఆ ‘సమయే’ విన్నదానికి అన్వయిస్తుందా, బుద్ధుడు ఉన్నదానికి అన్వయిస్తుందా అన్నది సంస్కృత పాఠంలోనే తెగని తగవు.

పద్యాభిమాని:
తగవు అంటే చైనా కవి తు ఫు ఉండనే ఉన్నాడు. 757లో, తిరుగుబాటుదారుల చేతుల్లో ఉన్న చాంగాన్ నగరంలో, ‘గాన్ షి హువా జ్యాన్ లేయి’ అన్నాడు. ఆ ‘షి’ దేశకాల పరిస్థితి. ఆ కాలానికి కలత చెంది పూలే కన్నీరు చిలికాయా, పూలను చూసి కవి కన్నీరు పెట్టాడా? ఐదక్షరాల పాదంలో కర్తను చెప్పలేదు. పూలే ఏడ్చాయని నేను నమ్ముతాను.

లిపి అభ్యాసి:
నాలుగేళ్ల తరువాత చెంగ్దూలో ఆయనే రాత్రి కురిసిన వసంతపు వానను ‘మంచి వానకు తన షి తెలుసు’ అన్నాడు. అదనుకు పడిన వాన అనక ఇంకేమంటారు?

పద్యాభిమాని:
అక్కడున్నది ఒంటి ‘షి’ కాదు, ‘షిజ్యే’ అనే జంటమాట, అది ఋతుసంధి. ఆ వాన సాక్ష్యం మొదటి వాక్యానికి చెల్లదు.

ప్రశ్న వేసినవారు:
పది గీతల రూపం కూడా దిద్దుతున్నాను. పాదం ఉండిన చోట మన్ను వేసిన తరువాత కింది కొక్కెం గీతకు గడిలో చోటు చాలడం లేదు. సూర్యుణ్ణి ఎంత సన్నగా వేయాలో ఎవరైనా చెబుతారా?