పదకొండు రోజుల పట్నం చదువుతో నవోదయ గ్రామీణ కోటా పోతుందా?

మా అమ్మాయి మూడు, నాలుగు తరగతులు మా ఊరి బడిలోనే చదివింది. ఐదో తరగతి మొదట్లో నాకు ఆపరేషన్ అయితే, పట్నంలో అమ్మమ్మ దగ్గర ఉండి అక్కడి మునిసిపల్ బడికి పదకొండు రోజులు వెళ్ళింది. రిజిస్టరులో పేరూ ఎక్కింది.

ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే కేంద్ర ప్రభుత్వ వసతి బడి నవోదయ. దాని ఆరో తరగతిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. కానీ మూడు నుంచి ఐదు తరగతుల్లో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణ అభ్యర్థేనని నిబంధన. పల్లె బడిలో పేరు ఉంచి, పట్నంలో కోచింగ్‌కు వెళ్ళే పిల్లలకేమో కోటా వర్తిస్తోంది. ఇది న్యాయమేనా?

పిల్ల చీకటితోనే లేచి పాత ప్రశ్నపత్రాల్లోని బొమ్మల ప్రశ్నలు చేస్తోంది. పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే. నిజం దాచి దరఖాస్తు చేయడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి స్థితిలో ఎవరికైనా మినహాయింపు ఇచ్చారా? అర్జీ ఎవరికి పెట్టుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.