పెళ్లికి ముందు ఫొటోలు: అద్దె స్టూడియోనా, చంద్రగిరి కోటా?

ప్రశ్న: నవంబరులో పెళ్లి చేసుకోబోయే జంటకు ఫొటోలు తీయాలి. మాది తిరుపతి. అమ్మాయిది కంచిపట్టు చీర, నిండా నగలు. అబ్బాయికి పంచె, తలపాగా. నా దగ్గర ఒక ఫ్లాష్, ఒక రిఫ్లెక్టర్ ఉన్నాయి. స్టూడియో అద్దెకు తీసుకోనా, చంద్రగిరికో తలకోన జలపాతానికో తీసుకెళ్లనా? ఇంట్లో పెద్దలేమో తిరుమలలోనే తీయమంటున్నారు.

జవాబు: తిరుమల మాట మరిచిపోండి. ఆలయంలోకి ఫోను కూడా తీసుకెళ్లనివ్వరు, ఇక కెమెరా సంగతి చెప్పాలా?

నన్నడిగితే పట్టుచీర, నగలు స్టూడియోలో తీయండి. తేలికపాటి బట్టలతో ఆరుబయటకు వెళ్లండి. నడినెత్తి ఎండలో జరీ అంచు తెల్లగా పాలిపోతుంది, కళ్ల కింద గుంటల్లా నీడలు పడతాయి. స్టూడియోలో సాఫ్ట్‌బాక్స్‌ను (వెలుగును మెత్తబరిచే గుడ్డపెట్టె లైటు) కాస్త ఎత్తులో పక్కగా పెడితే నేత పోగు పోగూ తెలుస్తుంది. హారం మీద తెల్లటి మచ్చ పడితే లైటు కోణం మార్చండి, ఊరికే ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) తగ్గించకండి.

గదిని కళ్లారా చూడకుండా బయానా ఇవ్వవద్దు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సరు ఉన్నది) 85 ఎంఎం లెన్సు పెట్టి నిలువెత్తు ఫొటో తీయాలంటే మీకూ జంటకూ మధ్యే 16 అడుగులకు పైగా ఉండాలి. వెనక కట్టిన తెర మీద నీడ పడకుండా జంటకూ తెరకూ మధ్య మరో 5, 6 అడుగులు వదలాలి. తలపాగా పైన లైటుకు చోటుందో లేదో కూడా చూసుకోండి. అద్దెలో లైట్లు కలిశాయా, బట్టలు మార్చుకునే సమయానికీ మీటరు తిరుగుతుందా అని ముందే అడగండి. తొక్కి మాసిన కాగితపు తెరకు విడిగా డబ్బు అడిగేవాళ్లూ ఉంటారు.

చంద్రగిరి కోట పురావస్తు శాఖది. స్టాండు, లైట్లు వాడాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. రాజమహల్లోని ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. సాయంత్రం ఎండ వాలాక తీస్తే రాతిగోడల రంగు బాగుంటుంది. తలకోన మాత్రం వద్దంటాను. తడి బండల మీద కుచ్చిళ్లు పట్టుకుని నడవడం ఎవరికి సరదా?

ప్రశ్న: నవంబరంటే మనకు వానలు కదండీ?

జవాబు: అవును, ఈశాన్య రుతుపవనాల కాలం. అందుకే ఆరుబయట పని ముందు పెట్టుకోండి, స్టూడియో ఆ తర్వాత. మబ్బు పట్టినంత మాత్రాన మానుకోకండి, ఆ వెలుగు ముఖాలకు మంచిది. వాన కురిస్తే ఆ ఫొటోలు కూడా లోపలే తీయాల్సి వస్తుంది, కాబట్టి అవసరమైతే స్టూడియోలో మరో గంట దొరుకుతుందా అని బయానా ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి.