కడుపుతో 12 వారాలు నిండాయి, ఇంగ్లండ్‌లో ఇంకా ఎవరూ చూడలేదు. వైజాగ్ వచ్చేయమంటోంది అమ్మ

గాజువాక అమ్మాయి, లెస్టర్:

అక్కలందరికీ నమస్తే. మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా. నేను డిపెండెంట్‌గా వచ్చి మూడు వారాలైంది. నిన్నటితో 12 వారాలు నిండాయి. గాజువాకలో ఉండగా రెండుసార్లు స్కాన్ తీశారు, ఆ ఫైలు తెచ్చుకున్నాను. ఇక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్తే అడ్రస్ ప్రూఫ్ లేనిదే రిజిస్టర్ చేయమని రిసెప్షన్‌లోనే పంపేశారు. మా పేరు మీద ఇంకా ఒక్క బిల్లు కూడా రాలేదు. తొమ్మిది నెలలకీ రెండే స్కాన్‌లట, డాక్టర్ అసలు చూడరట. నిజమేనా? అమ్మ రోజూ ఫోన్ చేసి "తొలి కాన్పు పుట్టింట్లోనే, వచ్చేయ్" అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కేజీహెచ్ పాత నర్సు, బర్మింగ్‌హామ్:

చెల్లీ, జీపీ సంగతి తర్వాత చూద్దాం. మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే నర్సు) దగ్గరికి వెళ్లడానికి జీపీ ఉత్తరం అక్కర్లేదు. మీకు దగ్గర్లో ఉన్న ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రి వెబ్‌సైట్‌లో మెటర్నిటీ పేజీ తెరిస్తే సెల్ఫ్ రిఫరల్ ఫారం, అంటే మన పేరు మనమే ఇచ్చుకునేది, ఉంటుంది. ఇవాళే నింపు. నింపి ఊరుకోకు, రేపు పొద్దున్నే వాళ్లకి ఫోన్ చేసి "12 వారాలు దాటాయి, ఇంకా బుకింగ్ కాలేదు" అని ఈ ముక్కే చెప్పు. బుకింగ్ అంటే మిడ్‌వైఫ్‌తో మొదటి అపాయింట్‌మెంట్. మామూలుగా 10 వారాల్లోపే అయిపోవాలి. డౌన్స్ సిండ్రోమ్ కోసం స్కాన్‌తో కలిపి చేసే రక్తపరీక్ష 14 వారాలు దాటాక చేయరు, అందుకే తొందరపెడుతున్నాను. అది దాటిపోతే 20 వారాల దాకా ఇంకో పరీక్ష ఉంది గానీ, అది ఇంత కచ్చితంగా చెప్పదు.

ఇంగ్లండ్‌లో జీపీ రిజిస్ట్రేషన్‌కి అడ్రస్ ప్రూఫ్, ఐడీ తప్పనిసరి కాదు. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లోనే రాసి ఉంది. ఆ పేజీ ఫోన్‌లో తెరిచి మర్యాదగా చూపించు, చాలు.

డబ్బు గురించి భయపడకు. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు కదా, మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. పరీక్షలు, కాన్పు, సిజేరియన్ అయితే అదీ, అన్నీ అందులోకే వస్తాయి. మెటర్నిటీ ఎగ్జంప్షన్ సర్టిఫికెట్ కావాలని మిడ్‌వైఫ్‌ని అడుగు. అది ఉంటే ప్రిస్క్రిప్షన్ మందులకీ, ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల డాక్టర్‌కీ పైసా కట్టక్కర్లేదు. కాన్పు తేదీ తర్వాత ఏడాది దాకా పనికొస్తుంది. అడగకపోతే కొందరు ఇవ్వడం మర్చిపోతారు.

మన దగ్గర ఆశా వర్కరో ఏఎన్‌ఎమ్మో గుమ్మం దాకా వచ్చి "అమ్మాయికి ఎన్నో నెల?" అని అడుగుతారు. ఇక్కడ నువ్వు చెప్పేదాకా నువ్వు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో, లేబర్ వార్డులో నేను పనిచేస్తున్నప్పుడు పాడేరు వైపు కొండల మీంచి డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కణ్నుంచి అంబులెన్స్ ఎక్కించి తెచ్చేవాళ్లు. అంత దూరం నుంచి వాళ్లు వచ్చేవాళ్లు. ఇక్కడ రెండు బస్సు స్టాపుల అవతల ఉన్న మన అమ్మాయిలు "రాత్రిపూట ఫోన్ చేస్తే ఏమనుకుంటారో" అని తెల్లారేదాకా ఆగి వస్తారు. నా షిఫ్టుల్లో ఎన్నిసార్లు చూశానో.

సీతమ్మధార, మాంచెస్టర్:

మిడ్‌వైఫ్ అంటే మంత్రసాని అని మా అమ్మకి తెలుగులో చెప్పి తప్పు చేశాను. "లండన్ దాకా వెళ్లి మంత్రసాని చేత పురుడేటే?" అని రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు! నువ్వు "చదువుకున్న కాన్పు నర్సు" అని చెప్పు. అంతా సవ్యంగా ఉంటే మొత్తం వాళ్లే చూస్తారు, తొలి కాన్పుకి పది అపాయింట్‌మెంట్ల దాకా ఉంటాయి. బీపీ, షుగర్, కవలలు లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి వాళ్లే పంపుతారు.

స్కాన్‌లు రెండే, నిజమే. ఇప్పుడొకటి, 20 వారాలకి ఒకటి. అవసరమైతే ఇంకా తీస్తారు. నెలనెలా స్కాన్ లేదని నేనూ మొదట్లో గింజుకున్నాను. తర్వాత ఆలోచిస్తే వైజాగ్‌లో నాకు తీసిన వాటిలో సగం ఎందుకు తీశారో నాకే తెలియదు. ఇంకో సంగతి, 20 వారాల స్కాన్‌లో ఆడో మగో కావాలంటే చాలా ఆసుపత్రుల్లో చెప్పేస్తారు. మనకి 1994 చట్టం ప్రకారం నేరం కాబట్టి ఆ మాట వినగానే నేను భయంతో కుర్చీలో గట్టిగా కూర్చున్నాను.

24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష ఉంటుంది, దక్షిణాసియా వాళ్లం కాబట్టి మనకి తప్పకుండా అడుగుతారు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లాలి, రెండు గంటలు కూర్చోబెడతారు. ఇంట్లో ఇడ్లీ డబ్బాలో పెట్టుకుని వెళ్లు, అయ్యాక తినొచ్చు.

ఒకసారి మీ ఆయన్ని బయట కూర్చోమంటారు. కంగారు పడొద్దు. ఇంట్లో కొడుతున్నారా, భయపెడుతున్నారా అని నిన్ను ఒంటరిగా అడగడానికే. అందరినీ అడుగుతారు. ఇంగ్లిష్ ఇబ్బందైతే బుకింగ్ అప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పు, ఉచితమే. మొగుడి చేత అనువాదం చేయించడం వాళ్లకి ఇష్టముండదు, నాకూ సరైనదనే అనిపిస్తుంది.

మధురవాడ, రీడింగ్:

నేను వైజాగ్ వెళ్లి కన్నాను కాబట్టి ఆ వైపు కూడా చెప్తాను. సీమంతం, అమ్మ చేతి పథ్యం, బాలింత స్నానం, వీటికి సాటి లేదు, అబద్ధం చెప్పను. కానీ 28 వారాలు దాటాక ఎయిర్‌లైన్ వాళ్లు డాక్టర్ లెటర్ అడుగుతారు, 36 దాటితే చాలామంది ఎక్కించుకోరు. ఇక్కణ్నుంచి వైజాగ్‌కి నేరుగా ఫ్లైట్ లేదు, మధ్యలో ఎక్కడో దిగి ఏడు నెలల కడుపుతో గంటలు గంటలు కూర్చోవాలి. బాబు పుట్టాక వాడికి పాస్‌పోర్టు, తర్వాత యూకే వీసా, వాడి హెల్త్ సర్‌ఛార్జ్. మేం తిరిగొచ్చేసరికి వాడికి ఐదో నెల. మా ఆయన బోర్లా పడటం వీడియోలోనే చూశాడు. ప్రైవేటు ఆసుపత్రిలో ముందు నార్మల్ అన్నారు, చివర్లో సిజేరియన్ అన్నారు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే. నేను కన్న ఏడాదే మా వదిన ప్రభుత్వ ఘోషాసుపత్రిలో కంది. నార్మల్ అయింది, ప్రభుత్వం వాళ్ల తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో ఇంటి దగ్గర దింపారు. నాకే పంతం, ఏసీ రూమ్ కావాలని!

ఇక్కడ పుడితే బ్రిటిష్ పౌరసత్వం వచ్చేస్తుందనుకోకు. మీలో ఒక్కరికైనా పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ ఉంటేనే. 42 రోజుల్లో బర్త్ రిజిస్టర్ చేయించి, ఏడాది లోపు ఇండియన్ హైకమిషన్‌లో కూడా బిడ్డ పుట్టుక నమోదు చేయించండి.

అమ్మనే ఇక్కడికి రప్పించుకో, విజిటర్ వీసా ఆరు నెలలు. ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం తప్పకుండా తీసుకోమను, ఆమెకి ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి వైద్యం చాలావరకు ఉచితం కాదు.

కేజీహెచ్ పాత నర్సు, బర్మింగ్‌హామ్:

మధురవాడ వాళ్లు చెప్పింది ఖరాకండిగా నిజం. నేను కలపాల్సింది ఒక్కటే, దీన్ని ఫోన్‌లో రాసి పెట్టుకో. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, రక్తం కనపడినా, తలనొప్పితో కళ్లు మసకబారినా మెటర్నిటీ ట్రయాజ్ (ఆసుపత్రిలో గర్భిణుల అత్యవసర విభాగం) నంబరుకి ఫోన్ చేయి, అది 24 గంటలూ పనిచేస్తుంది. చల్లనీళ్లు తాగి చూద్దాం, ఎడమ పక్కకి పడుకుందాం అని రాత్రంతా గడపొద్దు. ఆన్‌లైన్‌లో కొన్న డాప్లర్‌తో గుండె చప్పుడు విని ధైర్యం చెప్పుకోవద్దు, అది నీ గుండె చప్పుడే కావచ్చు. ఇక్కడ ఆసియా స్త్రీలలో ప్రసూతి మరణాలు తెల్లవాళ్లకంటే ఎక్కువని నివేదికలు చెబుతూ వస్తున్నాయి. మనం నొప్పిని తక్కువ చేసి చెప్తాం, వాళ్లూ తక్కువగానే వింటారు. "కొంచెం నొప్పి" అనకు. ఎంత ఉంటే అంత చెప్పు, వినకపోతే "నాకు భయంగా ఉంది, ఇంకొకరు చూడాలి" అను.

గాజువాక అమ్మాయి, లెస్టర్:

అక్కా, ఫారం నింపి ఫోన్ చేశాను. ఎల్లుండి పది గంటలకి బుకింగ్, స్కాన్ వచ్చే సోమవారం! గాజువాక ఫైలు తీసుకెళ్లనా? అందులో రాసిన ప్రొజెస్టరాన్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను.

కేజీహెచ్ పాత నర్సు, బర్మింగ్‌హామ్:

ఫైలూ, ఆ మాత్రల అట్టా రెండూ పట్టుకెళ్లి చూపించు. అప్పటిదాకా నీ అంతట నువ్వు మానేయకు. ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నావో లేదో కూడా చెప్పు. యూరిన్ శాంపిల్ అడుగుతారు, ఇంట్లోంచి నీళ్లు తాగి బయల్దేరు.