ఆయుధాన్ని ఆపాలా, నేరాన్ని శిక్షిస్తే చాలా?

మా అన్నయ్యకూ నాకూ నెల రోజులుగా తెగని వాదన. "కత్తి చేసిన తప్పేమిటి? పొడిచినవాణ్ణి శిక్షించాలి" అంటాడు. కూరగాయలు తరిగే కత్తి సంగతి ఒప్పుకుంటాను. మరి తుపాకి? క్షణికావేశంలో వేలు కదిలితే చాలు, ఆ తరువాత వేసే ఏ శిక్షా పోయిన ప్రాణాన్ని తేదు. 1996లో తమ దేశంలోని పోర్ట్ ఆర్థర్ అనే చోట ఒకడు జరిపిన కాల్పుల్లో 35 మంది హతమయ్యాక ఆస్ట్రేలియా దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి మరీ వెనక్కి తీసుకుంది. ఆ మాట ఎత్తితే, "అప్పగించింది చట్టానికి లోబడేవాళ్లే కదా, దొంగ తన తుపాకి ఇస్తాడా?" అని నా నోరు మూయించాడు. నిజానికి అక్కడే తడబడ్డాను. లైసెన్సు తుపాకులు నేరస్థుల చేతికి ఎలా చేరతాయి? నియంత్రణ ఆ దారిని ఎంతవరకు మూయగలదు? తెలిసినవారు దయచేసి చెప్పండి. అన్నయ్య పక్షాన మాట్లాడినా సరే, కారణాలు మాత్రం కావాలి.