వాయిలాకు నూనె పది రోజులకే ముక్కిపోతోంది, తప్పెక్కడ?

పరకాల_పొలంగట్టు:
అమ్మ మోకాళ్ల నొప్పులకు వాయిలాకు (వావిలి) నూనె ఇంట్లనే కాస్తున్నం. ఆకు దంచి పావు లీటరు మంచినూనెల వేసి, నల్లబడేదాకా కాచి దించినం. రెండుసార్లూ పది రోజులకే ముక్కిన వాసన. సీస అడుగున నీటి చుక్కలు కనిపిస్తున్నయి. ఆకుల తేడానా, కాచుట్లనా? బాలింత స్నానానికి ఆకు ఎంత వేయాలె?

పసరుమందు:
అడుగున చుక్కలున్నయంటే నూనెల తడి పోలేదన్నట్టే. ఆకు నల్లబడుడు గుర్తు కాదు. అంచులు ముందే మాడుతయి, ముద్ద లోపల నీళ్లు అట్లనే ఉంటయి.

తైలపాకానికి (మందునూనె కాచుడుకు) ఆయుర్వేదంల లెక్క ఉంది: ముద్ద ఒక వంతు, నూనె నాలుగు, పసరు పదహారు. మీ పావు లీటరుకు 60 గ్రాముల మెత్తటి ముద్ద, లీటరు పసరు. వాయిలాకుల రసం తక్కువ, ఎంత దంచినా లీటరు రాదు. అందుకే అరకిలో ఆకు నాలుగు లీటర్ల నీళ్లల వేసి, లీటరు మిగిలేదాకా మరిగించి, ఆ కషాయం వడగట్టి పోయండి. నూనె కాచే గంజు నాలుగు లీటర్లు పట్టేదన్నా ఉండాలె, బాగ పొంగుతది.

సన్నటి సెగ. చివరి అరగంటే అసలు పని: ముద్ద అడుగంటుతది, గరిటె ఆపొద్దు. కొంచెం ముద్ద తీసి చల్లారినంక వేళ్ల నడుమ నలిపితే వత్తిలెక్క చుట్టుకోవాలె. ఆ వత్తిని మంటల పెడితే చిటపటలాడొద్దు. ఆడిందా, ఇంకా నీళ్లున్నయి. చిటపట ఆగేసరికి నూనె మీద సన్న నురగ లేస్తది. అప్పుడు వెంటనే దించి, వేడి మీదనే వడగట్టి, ఎండల ఆరబెట్టిన గాజు సీసల పోయండి. ముద్ద గట్టిపడి పొడిపొడి అయితే పాకం ముదిరింది, నూనెకు మాడువాసన పడతది.

ములుగు_వాగు:
ఆకు కూడా చూసుకోండి. ఒక్కో కాడకు ఐదు ఆకులు, ఒక్కోసారి మూడు. అడుగు భాగం బూడిద తెలుపు, నలిపితే ఘాటు వాసన, పూలు లేత ఊదా. అన్నీ మూడే ఉంటే అది నీరువావిలి అనే వేరే మొక్క కావచ్చు. మేకలు పెద్దగ ముట్టవు కాబట్టి కంచెలకు పెడతరు, అక్కడ దొరుకుతది. రోడ్డు పక్క దుమ్ము పట్టిన ఆకు, మందు కొట్టిన పత్తిచేను గట్టు ఆకు వద్దు. వానల తడిసినదైతే నీడల ఒక పూట ఆరబెట్టినంకనే ముద్ద నూరండి.

మంత్రసాని_మనుమరాలు:
స్నానానికి బిందెడు నీళ్లకు రెండు గుప్పెళ్ల లేత రెమ్మలు చాలు. నీళ్లు మరిగి రంగు తిరిగేదాకా, ఓ పావుగంట. వడగట్టి, చన్నీళ్లు కలిపి, మోచేయి పెట్టి చూసినంకనే పోయాలె. సిజేరియన్ అయితే డాక్టర్ సరేననేదాకా కుట్ల మీద పోయకండి. పసిపిల్లకు ఈ నీళ్లు, ఆవిరి రెండూ వద్దు. గర్భిణులు కషాయం లోపలికి తాగొద్దు.

మోకాలికైతే నూనె రాసినంక ఆకును ఆముదంతోని పెనం మీద వెచ్చజేసి బట్టల మూటగట్టి కాపడం పెట్టండి. ఎలుకల మీద చేసిన ప్రయోగాలల్ల ఈ ఆకుకు వాపు తగ్గించే గుణం కనిపించింది, కానీ అరిగిన కీలును తిరిగి పెంచదు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే కాపడం పెట్టుకుంట కూసోవద్దు, దవాఖానకు తీసుకపోండి.

పరకాల_పొలంగట్టు:
మిగిలిన పాత నూనెను మళ్లీ కాస్తే పనికొస్తదా?

పసరుమందు:
ముక్కిన వాసన వచ్చినంక కాచినా బాగుకాదు, పారబోయండి. వాసన రాకముందే చుక్కలు కనిపిస్తే మాత్రం పైనూనె తేర్చి, సన్నటి సెగ మీద వత్తి పరీక్ష నిలిచేదాకా కాచుకోవచ్చు.