కడబంతి అంటే చివరి వరుసా, చివరి విడతా?

మొన్న మా అమ్మాయి పెళ్ళికి కేటరింగ్ మాట్లాడటానికి వెళ్ళాం. ఆయన మెనూ కాగితం తీయకుండానే "బంతి సర్వీసా, బఫేనా అండీ?" అన్నాడు. బంతే అన్నాను. "అయితే బంతికి 120 మంది, నాలుగు బంతులు. కడబంతి మీ ఇంటివాళ్ళకీ, మా కుర్రాళ్ళకీ" అని లెక్క తేల్చేశాడు. మా అన్నయ్య కొడుకు డల్లాస్‌లో పుట్టి పెరిగినవాడు. బయటికొచ్చాక "అత్తా, బాల్ భోజనం ఏంటి?" అని అడిగాడు. నవ్వానే గానీ వాడి ప్రశ్నలో తప్పేం లేదు. చెండూ బంతే, పువ్వూ బంతే, భోజనాల వరుసా బంతే.

వరుస అనే అర్థం పంక్తి నుంచి వచ్చిందని వాడికి చెప్పగలిగాను. నా అనుమానం వేరే. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు" అంటాం కదా. ఇన్నేళ్ళూ కడబంతి అంటే వరుసలో చివర, వడ్డించేవాడు ఆలస్యంగా వచ్చే చోటు అనుకున్నాను. కేటరింగాయన మాట విన్నాక అది చివరి విడత అని తోస్తోంది. అందరూ తినేశాక, గిన్నెల్లో అడుగు మిగిలాక కూర్చునేది. మీ ఊళ్ళో ఎలా అంటారు?

తణుకు నుంచి:
పంక్తి మాటలోనే లెక్క ఉందండీ. దానికి మూలం ఐదు. వేదంలో పంక్తి ఛందస్సుకి ఐదు పాదాలు, తర్వాతి ఛందస్సులో పాదానికి పది అక్షరాలు. కావ్యాల్లో పంక్తికంఠుడంటే రావణుడు, పంక్తిరథుడంటే దశరథుడు. అంటే పంక్తి మొదట్లో ఇంతమంది అని లెక్క ఉన్న జట్టు, ఊరికే సాగిపోయే గీత కాదు. మీ కేటరింగాయన "బంతికి 120" అనడం ఆ పాత అర్థానికే దగ్గర. నా ఓటు విడతకే.

చెన్నై నుంచి:
ఇక్కడ తమిళంలో రెండు మాటలూ విడిగానే ఉన్నాయి. చెండుని పందు అంటారు, భోజనాల వరుసని పంది అంటారు. మన దగ్గర రెండూ బంతిలో కలిసిపోయాయి. "పందిక్కు ముందు, పడైక్కు పిందు" అని వాళ్ళ సామెత. భోజనాల బంతికి ముందుండు, యుద్ధానికి వెనకుండు అని. కొత్తగా వచ్చినప్పుడు ఒక పెళ్ళిలో "పంది మొదలైంది, రండి" అని పిలిస్తే మా ఆవిడ మొహం చూడాల్సింది! ఆ సామెతలో ముందు అంటే మొదటి విడతే. కాబట్టి కడబంతి చివరి విడత.

కరీంనగర్ నుంచి:
మీరందరూ పెళ్ళి దగ్గరే ఆగిపోయారు. కల్లంల కూడా బంతి ఉంటది. వరి తొక్కించేటప్పుడు నడిమి గుంజకు ఎడ్లను పక్కపక్కన కట్టి తిప్పితే దాన్ని బంతి కట్టుడు అంటరు. గుంజ దగ్గరున్న ఎద్దు ఉన్నకాడనే తిరుగుతది. కడకున్నది పెద్ద చుట్టు తిరగాలె, అందుకే బలమున్న ఎద్దును కడకు కడతరు. అక్కడ కడ అంటే చోటే, టైము కాదు. భోజనాల బంతిల కూడా కడకు కూసున్నోనికి కష్టం ఎక్కువ అనే అర్థం ఎందుకు కాకూడదు?

కోనసీమ నుంచి:
కరీంనగర్ సోదరుడితో సగం ఏకీభవిస్తాను. మా చిన్నప్పుడు పందిరి కింద చాపలు పరిచి ఎదురెదురుగా నాలుగైదు బంతులు ఒకేసారి వేసేవారు. గాడిపొయ్యి దగ్గరి బంతిలో పెద్దలు, పశువులపాక వైపు బంతిలో మేం. పనసపొట్టు కూర మా దాకా వచ్చేసరికి బకెట్‌లో ఆవఘాటే మిగిలేది. అదీ కడబంతే. ఇప్పుడు హాల్లో బల్లలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి చోటు తేడా పోయింది, విడత తేడా మిగిలింది. మాట అదే, కష్టం మారింది.

మళ్ళీ నేను:
కోనసీమ వారి మాట నాకు నచ్చింది. నా పాత అర్థం పూర్తిగా తప్పు కాదన్నమాట.

ఇంకో సంగతి. బంతా, బఫేనా అన్నది తేలాకే మెనూ తేలుతుందని ఈ వారంలో తెలిసింది. నేను దోసెల కౌంటర్ అడిగితే కేటరింగాయన నవ్వాడు. 120 మంది ఒకేసారి ఆకు ముందు కూర్చుంటే పెనం మీది దోసె ఎవరికని వేస్తాం? బంతికి పనికొచ్చేవి ముందే వండి, బకెట్‌లో తిరిగినా రుచి తగ్గనివి. పులిహోర, ముద్దపప్పు, కందబచ్చలి, ముక్కల పులుసు, పూర్ణం బూరెలు. బూరె చల్లారినా ఫర్వాలేదు, చిదిమి గుంటలో నెయ్యి పోస్తే చాలు. గారె అలా కాదు, మూతపెడితే మెత్తబడుతుంది. అందుకే బంతి బంతికీ కొత్త వాయి తీయిస్తానన్నాడు. అప్పడం, వడియం ఆఖర్న వేస్తారట, లేకపోతే సాంబారు పక్కన నానిపోతాయి. రిసెప్షన్‌కి మాత్రం బఫే ఒప్పుకున్నాను. రాత్రి ఏడు నుంచి పదిన్నర దాకా జనం ఎవరి వీలుని బట్టి వాళ్ళు వస్తారు, బంతి నిండే దాకా కూర్చోబెడితే తిట్టుకుంటారు. దోసెలూ చాట్ అక్కడికి పోయాయి.

నాకు నచ్చనిది ఒకటుంది. కొన్ని ఫంక్షన్ హాళ్ళలో బంతి సర్వీస్ అంటూనే, ఒకరు లేవగానే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టేస్తున్నారు. నేను పాయసంలో ఉంటే పక్కాయన పప్పులో, ఆ పక్కావిడ పెరుగులో. వడ్డించేవాడికి ఎవరికి ఏం వేయాలో తెలీదు. మారు అడిగేలోపు దాటిపోతాడు. దాన్ని బంతి అనకూడదు. అందరూ ఒకేసారి కూర్చుని, పక్కవాళ్ళు ముగించేదాకా ఉండి, కలిసి లేస్తేనే బంతి. మధ్యలో లేస్తే మా తాతగారు ఊరుకునేవారు కాదు.

కర్నూలు నుంచి:
వరుసలో తేడా చూపిస్తే మా పెద్దవాళ్ళు "బంతిలో బలపక్షం" అని ఎత్తిపొడిచేవాళ్ళు. భక్ష్యం మీద నెయ్యి ఒకరికి గరిటెడు, ఇంకొకరికి చుక్క. అది వలపక్షమా, బలపక్షమా?

తణుకు నుంచి:
రెండూ వాడుకలో ఉన్నాయి. నిఘంటువుల్లో పక్షపాతం అనే అర్థానికి వలపక్షం ఉంది. వల అంటే కుడి, వలచేయి అన్నట్టు. బలంగా ఉన్నవాడి పక్షం అనే ఊహతో నాలుక మీద బలపక్షం అయిందని నా అభిప్రాయం. మీ పెద్దవాళ్ళని దిద్దకండి, వాళ్ళ మాటలో అర్థం ఇంకా సూటిగా ఉంది.

కొచ్చి నుంచి:
మలయాళంలో కూడా పంతి ఉంది, పంతిభోజనం అంటారు. ఇక్కడ అది మామూలు మాట కాదు. 1917లో ఇక్కడికి దగ్గర్లోని చెరాయిలో సంఘసంస్కర్త సహోదరన్ అయ్యప్పన్ కులాలు కలిపి మిశ్రభోజనం పెట్టినందుకు ఆయన్ని వెలివేశారు. మనం సహపంక్తి భోజనం అన్నా అదే ధ్వని వస్తుంది. సిక్కుల గురుద్వారాల్లో లంగర్‌కి, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనానికి, కూర్చునే పంగత్ కూడా ఈ పంక్తే. బంతిలో ఎవరిని కూర్చోనిచ్చారు, ఎవరిని బయట నిలబెట్టారు అన్నది ఈ మాట వెనకాల ఉండనే ఉంది. మన సామెతని అలా కూడా చదవొచ్చు. కడబంతి దొరికినవాడు కనీసం లోపల ఉన్నాడు.

నిజామాబాద్ నుంచి:
బంతిపువ్వు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ మొక్క మెక్సికో వైపు నుంచి మన దేశానికి వచ్చింది, కాబట్టి మన బంతి ముందు, పువ్వు తర్వాత. గుండ్రంగా ఉందని చెండు పేరు పెట్టారు, వరుసతో దానికి సంబంధం లేదు. మీ మేనల్లుడికి చెప్పండి.

మళ్ళీ నేను:
చెప్పాను. "అయితే హాల్ నిండా బంతులే" అన్నాడు.

నిన్న అడ్వాన్స్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కేటరింగాయన్నే అడిగాను, కడబంతి అంటే మీ భాషలో ఏంటని. "మా కుర్రాళ్ళు బకెట్ వంచి గీకితే అది కడబంతి అండీ" అన్నాడు. ఇంత చర్చకి అంత చిన్న జవాబు! పెళ్ళికూతురి తల్లిని కాబట్టి నేను కూర్చునేదీ అందులోనే. కందబచ్చలి ఓ గిన్నెడు, బూరెలు యాభై వేరే తీసి ఉంచమన్నాను. ఇది విని మావాడు "వడ్డన నేను చేస్తా, నువ్వు ధైర్యంగా కడబంతిలో కూర్చో అత్తా" అన్నాడు. సామెత బాగానే పట్టేశాడు గానీ, బకెట్ పట్టుకుని వంగి వడ్డించడం ఇంకా చేతకాదు. రేపటి నుంచి ఇంట్లో మజ్జిగతో ప్రాక్టీస్ చేయిస్తున్నాను.